మొలలు: చూడకుండా పెట్టే పేరు

మలంతో పాటు రక్తం పడితే అది మొలలేనన్న అభిప్రాయం శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగంలో, అంటే టెక్కలి, హరిశ్చంద్రపురం పరిసరాల నుంచి పలాస మీదుగా ఉద్దానం తీరం దాకా, ఎవరూ ప్రశ్నించని విషయంగా స్థిరపడిపోయింది. రోగి ఆ మాట తనకు తానే చెప్పుకుంటాడు. ఇంట్లోవాళ్లు అదే అంటారు. మందుల దుకాణంలోని కుర్రవాడు ఆ మాట మీదే పూత మందు ట్యూబు తీసి ఇస్తాడు. ఊళ్లో పట్టా లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఆ మాట మీదే వారానికి సరిపడా మాత్రలు రాస్తాడు. ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామని బస్టాండు గోడల మీద కనిపించే రాతలు దానికి చివరి ముద్ర వేస్తాయి. ఈ అభిప్రాయానికి తోడుగా మరికొన్ని నమ్మకాలు కూడా నడుస్తున్నాయి: క్యాన్సరే అయితే నొప్పి ఉండి తీరాలి, పెద్దపేగు క్యాన్సర్ మాంసం ఎక్కువగా తినే పట్నవాసులకూ విదేశీయులకూ వచ్చే జబ్బు, వచ్చినా ముసలితనంలోనే వస్తుంది. వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు, ఇంతకాలం నిలిచి ఉండటానికి కారణం కూడా అదే. అయితే సగం నిజాన్ని పట్టుకుని రోగానికి పేరు పెట్టేయడం వల్ల, వైద్యుడి వేలికి అందేంత దగ్గరలో ఉన్న గడ్డ కూడా నెలల తరబడి మొలల పేరుతోనే పెరుగుతూ పోగలదు.

వాదానికి ముందు ఆ భాగపు నిర్మాణం కొంత తెలియాలి. పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. పొత్తికడుపు కుడివైపున చిన్నపేగు వచ్చి కలిసేచోట మొదలై, పైకెక్కి, కడుపుకు అడ్డంగా సాగి, ఎడమవైపు కిందికి దిగి, చివరి 12 నుంచి 15 సెంటీమీటర్ల మేర పురీషనాళంగా మారి, మలద్వారం దగ్గర ముగుస్తుంది. మలద్వారం లోపలి అంచున రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్ల వంటివి అందరికీ ఉంటాయి. అవి ఉబ్బి కిందికి జారితే వాటిని మొలలంటారు. క్యాన్సర్ పుట్టుక వేరు. పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న పిలక లేస్తుంది. అటువంటి పిలకల్లో ఎక్కువ భాగం ఏ హానీ చేయకుండానే ఉండిపోతాయి గానీ, కొన్ని మాత్రం పదేళ్లో అంతకంటే ఎక్కువో తీసుకుని క్యాన్సర్ గడ్డగా మారతాయి. ఆ గడ్డ పైభాగం పెళుసుగా ఉంటుంది కనుక మలం రాసుకుని పోయినప్పుడల్లా రక్తం చిమ్మవచ్చు. మొలల రక్తమైనా గడ్డ రక్తమైనా బయటికి వచ్చే దారి ఒక్కటే, ప్రజల పొరపాటంతా ఆ దారిని చూసి మూలాన్ని నిర్ణయించడంలోనే ఉంది.

మొలల వాదులు ముందుగా చూపించేది రంగును. రక్తం ఎర్రగా, తాజాగా పడితే మొలలనీ, నల్లగా ఉంటేనే లోపలి జబ్బనీ చెప్పే సూత్రం చదువుకున్నవారి నోటా వినిపిస్తుంది. మొలల రక్తం సాధారణంగా ఎర్రగా ఉండి, మలవిసర్జన ముగిశాక చుక్కలు చుక్కలుగా, మలానికి అంటకుండా, తెల్లని మరుగుదొడ్డి బేసిన్ మీద స్పష్టంగా కనిపించేలా పడుతుందన్న మాట నిజమే. కానీ పురీషనాళంలో పెరిగే గడ్డకూ మలద్వారానికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. అంత దగ్గరి నుంచి వచ్చే రక్తానికి నల్లబడే వ్యవధి ఎక్కడుంది? అదీ ఎర్రగానే పడుతుంది. రక్తం మలంలో కలిసిపోయి ఉన్నా, మలం మీద చారలుగా అంటుకున్నా, జిగురుతో కలిసి వచ్చినా, ముదురు రంగులో ఉన్నా అనుమానం పెరగాలి. ఆ లక్షణాలు లేనంత మాత్రాన అనుమానం తీరిపోదు. తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వచ్చే మలం ఎక్కువగా జీర్ణాశయం నుంచో చిన్నపేగు మొదటి భాగం నుంచో కారిన రక్తానికి గుర్తు. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లగా రావడం మళ్లీ వేరే సంగతి. కనుక రంగు సాయంతో వైద్యుడు ఎక్కడ వెతకాలో ఊహించవచ్చు గానీ, వెతకడం మానేయడానికి రంగు అనుమతి ఇవ్వదు.

రంగు తరవాత వచ్చే వాదం ఇంతకంటే బలమైనది, ఇంతకంటే ప్రమాదకరమైనది: మందు వాడగానే రక్తం ఆగింది కదా, క్యాన్సరైతే ఆగుతుందా? ఆగుతుంది. గడ్డ నుంచి రక్తం రోజూ కారదు. పైపొర చీరుకున్నప్పుడు వస్తుంది, కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఆగిన ఆ కొన్నాళ్లలో ఆకు పసరు తాగినవారికి పసరు పనిచేసినట్టూ, పూత మందు రాసినవారికి మందు పనిచేసినట్టూ, మజ్జిగలో సబ్జా గింజలు వేసుకుని తాగినవారికి వేడి తగ్గినట్టూ అనిపిస్తుంది. రక్తం తిరిగి కనిపించిన నాడు తప్పు మందు మీదికి పోదు, రోగి మీదికి వస్తుంది: పథ్యం తప్పాడు, జీడిపప్పు తిన్నాడు, పనస తొనలు తిన్నాడు, ఎండలో తిరిగాడు, అందుకే వేడి చేసింది. జీడీ పనసా విస్తారంగా పండే ఉద్దానం నేల మీద ఈ సంజాయిషీకి ఎన్నటికీ కొదవ రాదు, ఎందుకంటే ఆ కాలంలో అవి తినని ఇల్లు అక్కడ దొరకడం కష్టం. ఏం జరిగినా తనదే నిజమని చెప్పుకోగల ఇటువంటి వివరణను పరీక్షించడానికి వీలుండదు, పరీక్షించడానికి వీల్లేని దాన్ని రోగనిర్ధారణ అనడానికీ వీల్లేదు.

పైగా రోగికి మొలలు నిజంగానే ఉండవచ్చు. నడివయసు దాటినవారిలో మొలలు సర్వసాధారణం; అంటే పెద్దపేగు గడ్డ ఉన్న రోగుల్లో కూడా చాలామందికి మొలలు కనిపిస్తాయన్నమాట. మొలలు ఉన్నాయని తేల్చడం ఒక పని, పడుతున్న రక్తం వాటి నుంచే వస్తోందని తేల్చడం మరో పని. మొదటి పని చేసి రెండోది కూడా అయిపోయిందనుకునే పొరపాటు గోడరాతల వైద్యులకే పరిమితం కాదు, పట్టాలున్న వైద్యుల గదుల్లోనూ జరుగుతుంది.

చూడకుండా పేరు పెట్టడం మన వైద్య సంప్రదాయమని ఎవరైనా అంటే అదీ సరికాదు. మొలలను అర్శస్సు పేరుతో వివరించిన సుశ్రుత సంహిత, వాటికి మందు, క్షారం, అగ్ని, శస్త్రం అనే నాలుగు రకాల చికిత్సలు చెప్పడంతో ఆగలేదు. మలద్వారం లోపలికి చూడటానికి అర్శోయంత్రం అనే గొట్టపు పరికరాన్ని, ఆవు చన్ను ఆకారంలో నాలుగు అంగుళాల కొలతతో ఎలా చేయాలో కూడా వర్ణించింది (ఆ అంగుళం వేలి వెడల్పు కొలత, నేటి స్కేలు మీది అంగుళం కాదు). నేటి వైద్యులు ప్రోక్టోస్కోపు అని పిలిచే చిన్న గొట్టం పనిలో దానికి వారసురాలే. పసరు వైద్యానికి ప్రాచీనత ప్రమాణంగా చూపేవారు, ఆ ప్రాచీనులు ముందు చూసి తరవాత పేరు పెట్టారన్న సంగతిని వదిలేసి పసరును మాత్రం ఉంచుకున్నారు.

చూడటానికి కావలసిన మొదటి పరికరం నిజానికి ఆ గొట్టం కూడా కాదు, వైద్యుడి చూపుడు వేలు. చేతికి తొడుగు వేసుకుని, కాస్త జెల్లీ రాసి, రోగిని ఎడమవైపుకు తిప్పి మోకాళ్లు ముడిచి పడుకోబెట్టి, మలద్వారంలో వేలు పెట్టి చుట్టూ తడమడం ఒకటి రెండు నిమిషాల పని. వేలు సుమారు ఏడెనిమిది సెంటీమీటర్ల లోపలికి అందుతుంది. లోపలి మొలలు మెత్తగా ఉండటం వల్ల మామూలుగా వేలికి తెలియవు, క్యాన్సర్ గడ్డ మాత్రం గట్టిగా, ఎగుడుదిగుడుగా తగులుతుంది, వేలు తీసినప్పుడు తొడుగు మీద రక్తం అంటుకుని కనిపించవచ్చు. మనదేశంలో పెద్దపేగు క్యాన్సర్లలో పురీషనాళంలో పుట్టేవాటి వాటా ఎక్కువ కనుక, ఒక తొడుగు ఖర్చుతో ముగిసే ఈ పరీక్షకు ఇక్కడ పాశ్చాత్య దేశాల్లో కంటే ఎక్కువ విలువ ఉంది. అయినా అది జరగదు. రోగికి సిగ్గు, వైద్యుడికి తీరిక లేమి, గదిలో తెర లేకపోవడం, బయట వరస, ఆడవారికైతే ఆడ డాక్టరు దొరకకపోవడం, ఇవన్నీ కలిసి ప్యాంటు బొత్తాం కూడా విప్పకుండానే మొలలకు మందు రాయిస్తాయి. పలాస జీడి పరిశ్రమలో పొద్దస్తమానం కూర్చుని, గింజల జిడ్డుకు వేళ్లు నల్లబడేలా పనిచేసే మహిళ, రక్తం పడుతున్న సంగతి పక్క పీట మీద కూర్చున్న తోటి పనిమనిషికి చెప్పుకోగలదు గానీ మగ డాక్టరుకు చెప్పుకోలేకపోతే ఆమెను తప్పుపట్టలేం; ఆమె గదిలోకి వచ్చి చెప్పిన తరవాత కూడా పరీక్ష చేయకుండా పంపితే తప్పు ఎవరిదో చెప్పనక్కరలేదు.

మొలలకు సాటిగా మరో సిద్ధమైన పేరు ఉంది: అమీబా. మలంలో జిగురు, రక్తం కలిసి వస్తే జిగట విరేచనాలనీ బంక విరేచనాలనీ పేరు పెట్టి, మెట్రోనిడజోల్ మాత్రలు మింగించడం పల్లెల్లో ఆనవాయితీ. నీటి కాలుష్యం ఉన్న ప్రాంతంలో అమీబా వ్యాధి నిజంగానే ఉంటుంది, మాత్రలు దానికి సరైన మందే. కానీ ఒక విడత పూర్తయ్యాక కూడా జిగురు ఆగకపోతే రెండో విడత, మూడో విడత రాయడం వైద్యం కాదు, వాయిదా. ఇక్కడ గమనించవలసిన ముఖ్య లక్షణం అలవాటు మారడం. ఏళ్ల తరబడి పొద్దున ఒక్కసారి వెళ్లే మనిషికి మూడు వారాలకు పైగా రోజుకు నాలుగైదుసార్లు వెళ్లవలసి రావడం, లేదా మలబద్ధకం కొత్తగా మొదలై విరేచనాలతో మారుమారు రావడం, మలం సన్నబడటం, వెళ్లి వచ్చిన వెంటనే ఇంకా ఏదో మిగిలినట్టనిపించి మళ్లీ పరిగెత్తితే కాస్త జిగురు తప్ప ఏమీ రాకపోవడం, ఇవి ఒకదానితో ఒకటి కలిస్తే పురీషనాళంలో గడ్డ ఏదో చోటు ఆక్రమించి కూర్చుందేమోనని అనుమానించాలి. పేగు ఆ గడ్డను మలమనుకుని బయటికి నెట్టాలని చూస్తుంది. తీరని ఆ తొందరకు కారణం అదే. దీన్ని గ్యాసనో పైత్యమనో అనుకుని సోడా తాగి ఊరుకునేవారికి లెక్కలేదు.

ఇప్పటిదాకా చెప్పిన లక్షణాలన్నీ ఎడమవైపు పేగుకూ పురీషనాళానికీ చెందినవి. కుడివైపు పేగులో గడ్డ ఉంటే కథ పూర్తిగా వేరు, ఉద్దానంలో అది మరింత చిక్కుపడుతుంది. కుడివైపు పేగు వెడల్పు, అందులో మలం ఇంకా పలచగా ఉంటుంది. గడ్డ పెద్దదయ్యేదాకా అడ్డు తగలదు, నొప్పీ ఉండదు, కారే రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనిపించదు. బయటికి తెలిసేది ఒక్కటే, రక్తహీనత. మెట్లెక్కితే ఆయాసం, నీరసం, కనురెప్పల లోపలి భాగం పాలిపోవడం, పరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిదో ఎనిమిదో ఉండటం. దీనికి ఉద్దానంలో సిద్ధంగా ఉన్న జవాబు కిడ్నీ. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎన్ని ఇళ్లను కూల్చిందో అందరికీ తెలిసిందే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభం కావలసి వచ్చిందంటే ఆ విపత్తు పరిమాణం అర్థమవుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే ఎముక మజ్జను రక్తకణాల తయారీకి ప్రేరేపించే ఎరిత్రోపాయిటిన్ హార్మోను తగ్గి రక్తహీనత రావడం నిజం. అయితే కిడ్నీలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరిగిన మనిషికి పేగులో గడ్డ రాకూడదన్న నియమం ఏదీ లేదు. ఒక జబ్బు ఊరంతటినీ భయపెట్టినప్పుడు మిగతా జబ్బులన్నీ దాని నీడలో దాక్కుంటాయి, వైద్యుడు కూడా ఆ నీడలోనే నిలబడి ఉంటాడు.

రక్తహీనతకు ఇతర సంజాయిషీలు కూడా సిద్ధంగానే ఉంటాయి. ఇసుక నేలల్లో చెప్పులు లేకుండా నడిచేవారికి కొంకిపురుగులు పట్టి రక్తం పీలుస్తాయి. ఆడవారికి నెలసరి ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందిలో క్యాన్సర్ కోసం వెతకమని ఎవరూ అనరు. కానీ నెలసరి ఆగిపోయిన స్త్రీకైనా, ఏ వయసు పురుషుడికైనా ఇనుము లోపంతో రక్తహీనత వచ్చిందంటే రక్తం ఎక్కడో కారుతోందేమోనని ముందుగా అనుమానించాలి. ఎక్కడ కారుతోందో చూడకుండా ఐరన్ మాత్రలు ఇచ్చి పంపడం చిల్లుపడిన కుండలో నీళ్లు పోయడమే. డయాలసిస్ మీద ఉన్నవారికి మలంలో రక్తం కనిపిస్తే యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ వల్లనేనని తేల్చేయడం ఇదే దారిలోని మరో మలుపు. హెపారిన్ వల్ల కారడం తేలికవుతుంది, నిజమే. ఎక్కడి నుంచి కారుతోందన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలి ఉంటుంది.

పట్నపు జబ్బు, ముసలి జబ్బు అన్న వాదాలకు ఎక్కువ చోటు అక్కరలేదు. మనదేశంలో ఈ క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే చాలా తక్కువన్నది వాస్తవం. అయినా 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో 19 లక్షలకు పైగా కొత్త కేసులుంటే వాటిలో సుమారు 70 వేలు భారతదేశానివి. రేటు తక్కువ కావడం దేశం మొత్తం మీద లెక్క, రక్తం పడుతున్న మనిషికి అది భరోసా కాదు. వయసు విషయంలో మన లెక్క మరీ ఎదురు తిరుగుతుంది: ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 800 మంది రోగుల వివరాలతో 2017లో ప్రచురించిన అధ్యయనంలో రోగుల సగటు వయసు 47 ఏళ్లు, వారిలో సగానికి పైగా మొదట చెప్పుకున్న బాధ మలద్వారం నుంచి రక్తం పడటం. వలస పనికి హైదరాబాదో చెన్నైయో వెళ్లే ఉద్దానం కుర్రవాడు 30 ఏళ్ల వయసులో రక్తం చూసి, హోటలు తిండి వేడి అనుకుని మందుల దుకాణంతో సరిపెట్టుకోవడానికి ఈ ముసలి జబ్బన్న నమ్మకమే ధైర్యమిస్తోంది. బ్లాక్ పాంథర్ సినిమా కథానాయకుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో ఇదే జబ్బుతో మరణించే నాటికి అతని వయసు 43. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2023లో ప్రకటించిన పరిశోధన, 50 ఏళ్లలోపు రోగుల్లో జబ్బు బయటపడటానికి మూడు నెలల నుంచి రెండేళ్ల ముందే కనిపించిన నాలుగు లక్షణాలను గుర్తించింది: కడుపునొప్పి, మలద్వారం నుంచి రక్తం, ఆగని విరేచనాలు, ఇనుము లోపపు రక్తహీనత. ఒక్క లక్షణం ఉన్నవారికి ముప్పు దాదాపు రెండింతలు, మూడు లేదా అంతకుమించి ఉన్నవారికి ఆరింతలకు పైగా ఉందని తేలింది. రెండేళ్లు చిన్న వ్యవధి కాదు. ఆ రెండేళ్లలో ఎన్ని ట్యూబుల పూత మందు ఖాళీ అవుతుందో!

ఈ ఖండనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం వైద్యుల నుంచే వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం పడే నూరుమందిలో క్యాన్సర్ తేలేది బహుకొద్దిమందికే. అందరినీ కొలనోస్కోపీకి, అంటే చివర కెమెరా ఉన్న మెత్తని గొట్టంతో పెద్దపేగు మొత్తాన్ని చూసే పరీక్షకు పంపితే ఆసుపత్రులు సరిపోవు, పేదవారి డబ్బు సరిపోదు. అసాంక్రమిక వ్యాధుల నివారణకు కేంద్రం నడిపే జాతీయ కార్యక్రమం కూడా నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే ముందస్తు పరీక్షలు పెట్టింది, పెద్దపేగుకు పెట్టలేదు. ఇదంతా నిజమే కానీ ముందస్తు పరీక్ష అంటే ఏ బాధా లేనివారికి చేసేది. రక్తం పడుతున్న మనిషి ఆ గీత ఎప్పుడో దాటేశాడు, అతనికి కావలసింది రోగనిర్ధారణ. అది కొలనోస్కోపీతోనే మొదలు కానక్కరలేదు. ఎంతకాలంగా, ఎలా పడుతోంది, అలవాటు మారిందా, బరువు తగ్గాడా, ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉందా అని అడగడం, వేలితో చూడటం, ప్రోక్టోస్కోపుతో చూడటం, హిమోగ్లోబిన్ పరీక్ష, అవసరమైతే కంటికి కనిపించని రక్తాన్ని మలంలో పట్టే ఫిట్ పరీక్ష, ఇవన్నీ అయ్యాక మిగిలే కొద్దిమందికే పెద్ద పరీక్ష. 45 దాటి కొత్తగా రక్తం చూసినవారు, రక్తంతో పాటు రెండో లక్షణం కూడా ఉన్నవారు ఆ కొద్దిమందిలో ఉండాలి. అమెరికాలో బాధలేమీ లేనివారికి కూడా 45 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టమని 2021లో సిఫారసు చేశారు. బాధ ఉన్న మనిషికి 45 దాటాక కూడా చూడకుండా మందు రాసే అలవాటు దాని పక్కన పెడితే ఎలా కనిపిస్తుందో పాఠకులే ఊహించవచ్చు.

ఆ పెద్ద పరీక్ష ఈ ప్రాంతం వారికి సులువని చెప్పడం మోసమవుతుంది. ముందురోజు సాయంత్రం నుంచి పేగు శుభ్రం చేసే ద్రవం లీటర్ల కొద్దీ తాగి, గంటల తరబడి మరుగుదొడ్డికి తిరగవలసిన మనిషి, పొద్దున హరిశ్చంద్రపురం స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కి విశాఖ వెళ్లలేడు. ముందురోజే వెళ్లి బస చేయాలి, తోడు మనిషి వెళ్లాలి, ఇద్దరి కూలీ పోతుంది. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) అయినా, నగర శివారు అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అయినా ప్రయాణం తప్పదు. ఉద్దానం రోగికి మరో జాగ్రత్త కూడా కావాలి: పేగు శుభ్రం చేయడానికి వాడే సోడియం ఫాస్ఫేట్ మందులు మూత్రపిండాలను దెబ్బతీయగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే హెచ్చరించింది, కనుక కిడ్నీ జబ్బున్నవారికి పాలీఎథిలీన్ గ్లైకాల్ ద్రవం వాడాలి, తన క్రియాటినిన్ సంగతి రోగి ముందే చెప్పాలి. ఈ కష్టాలన్నీ ప్రయాణాన్ని సులువు చేయమని ప్రభుత్వాన్ని అడగడానికి కారణాలు, పలాసలోనో టెక్కలిలోనో ఈ పరీక్ష నిత్యం జరిగేలా చూడమనడానికి కారణాలు. వేలితో చూడకపోవడానికి ఇవి కారణాలు కావు, ఆ పరీక్షకు రైలు అక్కరలేదు.

కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం గురించి ఒక్క మాట. ఆలస్యంగా వచ్చి, ఆపరేషన్ తరవాత చనిపోయినవారిని చూసి పుట్టిన భయమిది. వారిని చంపింది కత్తి కాదు, కత్తికి ముందు గడిచిన కాలం. అమెరికా లెక్కల్లో గడ్డ పేగు దాటక ముందు పట్టుబడినవారిలో ఐదేళ్ల తరవాత బతికి ఉన్నవారు దాదాపు 90 శాతం, కాలేయానికో ఊపిరితిత్తులకో పాకాక పట్టుబడినవారిలో ఆరో వంతుకు మించరు. పాలిప్ దశలోనే దొరికితే కడుపు కోయనక్కరలేదు, కొలనోస్కోపు లోంచే తీగ ఉచ్చు వేసి తీసేస్తారు.

రక్తం చూసిన ప్రతివారూ క్యాన్సరని బెంబేలెత్తనక్కరలేదు. వారిలో ఎక్కువమందికి తేలేది మొలలే, చూసిన తరవాత తేలితే ఆ మాటకు విలువ ఉంటుంది. అందుకని రక్తం పడుతున్నవారు, రక్తహీనత ఎందుకొచ్చిందో తేలనివారు, ఈసారి మందు రాయించుకునే ముందు ఎదుటి కుర్చీలోని వైద్యుడిని ఒక్క ప్రశ్న అడగాలి: చూడకుండా మొలలని ఎలా చెబుతున్నారండీ?